చెదలు తిన్న తేదీ

ఎనిమిదికి తాళం తీస్తాను.
ముందు కిటికీలు, తరవాత చీపురు,
ఆ తరవాతే సుద్దముక్క.
మందస శాఖా గ్రంథాలయం వరండాలో
నల్లబల్ల నెత్తిన ‘చరిత్రలో ఈ రోజు’ అని
తెల్ల పెయింటుతో ఎవరో ఎప్పుడో రాసి పోయారు.
కింది ఖాళీ నాది.

తేదీల పుస్తకం ఒకటుంది,
అట్ట ఊడితే మైదాజిగురుతో అతికించాను.
చూసి రాస్తాను:
ఒక రాజు పట్టాభిషేకం, ఒక ఓడ మునక,
చంద్రుడి మీద మొదటి పాదం.
జనవరి ఇరవైనాలుగుకి పుస్తకం అక్కర్లేదు,
బొబ్బిలి కోట మంటలు
మా వైపు పిల్లలకి కూడా నోటికొచ్చు.

అక్టోబరు పదకొండుకీ అక్కర్లేదు.
పుస్తకం అచ్చయిన చాలా ఏళ్ళకి వచ్చింది తిత్లీ.
తెల్లారేసరికి ఉద్దానం
పళ్ళు విరిగిన దువ్వెన.
ఆ సంగతి రాసిన రోజున
జీడి కార్ఖానాకి పోతూ దాలమ్మ ఆగింది.
"ఏటి రాసినావు బావూ?"
చదివి చెప్పాను.
"నాకా సెప్తన్నావు?" అంది.
జీడిసొనకి నల్లబడ్డ వేళ్ళ మీద
లేని చెట్లు లెక్కపెట్టుకుంది.
"పదారు" అని, నడిచిపోయింది.

నవంబరు పద్దెనిమిదీ పందొమ్మిదీ
ఒకే కాగితానికి అటూ ఇటూ.
ఆ కాగితాన్ని చెదలు తినేశాయి.
ఏ సామ్రాజ్యం కూలిందో, ఎవరు పుట్టారో,
అంతా మట్టిగూడు.
ప్రతి ఏడూ ఆ రెండు రోజులూ
‘నిశ్శబ్దం పాటించండి’ అని రాసి తప్పుకునేవాణ్ణి.

ఈసారి పద్దెనిమిది మంగళవారం.
మంగళవారాలూ శుక్రవారాలూ
కిటికీ పక్క కుర్చీ ఖాళీ.
తామాడ లోకనాథం గారు ఆ రోజుల్లో
సోంపేటలో, మిషను పక్కన పడుకుంటారు.
బుధవారం వచ్చారు,
మోచేతి మీద దూది, దాని మీద ప్లాస్టరు.
బల్ల వైపు చూసి నవ్వారు.
"ఏం మాస్టారూ, ఈ దినం పుట్టనేదా?"
చెదల సంగతి చెప్పాను.
నా చెయ్యి లాగి తన ముంజేతి మీద పెట్టుకున్నారు.
చర్మం కింద ఏదో జుమ్మంటోంది.
"మహేంద్రతనయ" అన్నారు, "వొరద మీదుంది."
ఆ తరవాత కొంచెం నెమ్మదిగా:
"రాయండి. నేడు సూది నేదు."

తటపటాయించాను.
జిల్లా నుంచి ఎవరైనా తనిఖీకి వస్తే?
రాశాను. పెద్ద అక్షరాలతో రాశాను.

సాయంత్రం తలుపు తీసేసరికి
దాని కింద వంకర గీతల్లో మరొకటి:
‘ఢిల్లేశు ఎనిమిదో ఎక్కం తప్పు లేకుండా చెప్పెను.’
ఎవరు రాశారో అడగలేదు.
రాసినవాడి నిక్కరు నిండా సుద్ద.

దీపాల వేళకి దాలమ్మ.
రెండు వరసలూ చదివించుకుంది.
"మరి నాదో?"
"చెప్పు, రాస్తాను."
చాలాసేపు ఆలోచించింది.
గాలి లేదు. కొబ్బరాకు కదలటం లేదు.
తుఫాను తరవాత పెట్టిన మొక్కలు
ఇప్పుడిప్పుడే మనిషిని దాటి ఎదిగాయి.
"నాకీ రోజు ఏటీ అవనేదు" అంది.
"అదే రాసీ."
రాశాను.
చదవటం రాని ఆ కళ్ళు
ఆ వరస చివరిదాకా వెళ్ళి ఆగాయి.

ఇన్నాళ్ళూ నేను సుద్ద అరగదీసింది
ఎక్కడో, ఎప్పుడో, ఎవరికో అయినవాటికి.
తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాను.
తుడవలేదు.
మంచే తుడుచుకుంటుందిలే అనుకున్నాను.

ఇరవయ్యో తేదీ పుస్తకంలో భద్రంగా ఉంది.
ఏవో రెండు దేశాల సంధి.
కింద కాస్త చోటు వదిలి, రాశాను.
లోకనాథం గారు చదివి "మంచిదే" అన్నారు,
కుర్చీని ఎండలోకి జరుపుకుని
పేపరు మడత విప్పారు.

రేపు శుక్రవారం.
గోడ గడియారంలో
ఇంకా తొమ్మిదైనా కాలేదు.